బియ్యం, కొవ్వొత్తులు ఉన్నాయి సరే, ఆ రాత్రి ఎవరు ఏం చెయ్యాలి?

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి ఎమ్మార్‌పల్లి. కింది పోర్షన్‌లో బాడుగకు ఉంటాం. మా ఆయన శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీకి వెళ్తారు. ఇంట్లో నేను, మా అత్తమ్మ, ఏడో తరగతి పాప, మూడో తరగతి బాబు. అత్తమ్మకు షుగర్, రోజూ ఇన్సులిన్ వెయ్యాలి. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేదు. 2021 వరదప్పుడు మేము ఇక్కడ లేము. కానీ ఆ నీళ్ళ మరక వెనక గోడ మీద ఇంకా కనబడుతూనే ఉంది. అందుకే ఈసారి ముందుగానే బియ్యం, పప్పు, నీళ్ళ క్యాన్లు, టార్చిలైట్లు, కొవ్వొత్తులు, బిస్కెట్లు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా అన్నీ తెచ్చి పెట్టాను. అయినా గట్టి వాన పడితే నిద్ర పట్టదు. ఇంకా ఏమేం తెచ్చి పెట్టుకోవాలి? అత్తమ్మేమో "ఏం జరిగినా నేను ఇల్లు వదిలి రాను" అంటోంది. ఆమెకు ఎలా చెప్పాలి?

సమాధానం: చెల్లెమ్మా, ఇంకేమీ తేవద్దు. తెచ్చి పెట్టినవి కొన్ని రోజులకు సరిపోతాయి. సామాన్లు తక్కువై నీకు నిద్ర పట్టకపోవడం లేదు. రాత్రి రెండు గంటలకు నీళ్ళు గడప దాటి లోపలికి వస్తే ఇంట్లో ఎవరు ఏం చెయ్యాలో మీరు ఇంతవరకు కూర్చుని అనుకోలేదు. నిన్ను మేలుకోబెడుతున్నది అదే.

నా అనుభవం చెప్తాను. 2021 నవంబరు 18, గురువారం. కార్తీక పౌర్ణమికి దీపాలు పెట్టుకోవలసిన రోజులు. కపిలతీర్థంలో పై నుంచి దూకే నీళ్ళు ఎర్రగా, రాళ్ళతో కలిసి వచ్చి గుడి ముందు మండపాన్ని కూడా దెబ్బతీశాయి. ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడ్డాయి. కొండ మీద కురిసిందంతా ఊర్లోకి దిగింది. మా ఇంట్లో ఆ రోజు నెలకు సరిపడా బియ్యం ఉంది. మా నాన్న బీపీ మాత్రలు మాత్రం బీరువా కింది అరలో ఉన్నాయి. అన్నిటికంటే ముందు నీళ్ళు చేరింది ఆ అరకే. రాత్రికి ఫోన్ చార్జింగ్ అయిపోయింది. పైనింటావిడ తన ఫోన్ నా చేతిలో పెట్టి, "మీ వాళ్ళకెవరికైనా చెయ్యండి" అంది. నాకు మా తమ్ముడి నంబరు నోటికి రాలేదు. పదేళ్ళుగా రోజూ మాట్లాడే తమ్ముడు. ఆ ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ తర్వాత నేను కొత్తగా కొన్నవేవీ పెద్దగా లేవు, మార్చుకున్న అలవాట్లే ఎక్కువ.

అందుకే ముందు నంబర్ల సంగతి. పాపకు, బాబుకు రెండేసి నంబర్లు నోటికి రావాలి. ఎక్కాలు చెప్పించినట్టు రోజూ అన్నం తినేటప్పుడు ఒకసారి చెప్పించు, వారంలో వచ్చేస్తాయి. ఒకటి మీ ఆయనది. రెండోది ఈ ఊరి మనిషిది కాకూడదు. పలమనేరులోనో బెంగళూరులోనో ఉండే మీ అన్నదో ఆడబిడ్డదో అయితే మంచిది. ఊరంతా ఒకేసారి ఫోన్లు చేస్తుంటే ఊర్లో వాళ్ళకు ఊర్లో వాళ్ళే దొరకరు. బయట ఉన్న ఒక మనిషికి అందరూ "నేను బాగున్నాను, ఫలానా చోట ఉన్నాను" అని చెబితే, ఆ మనిషి మిగతావాళ్ళకు చేరవేస్తారు. ఫోన్ కలవకపోతే మామూలు మెసేజ్ పెట్టు. కాల్ పోని చోట కూడా చాలాసార్లు మెసేజ్ పోతుంది. ఈ నంబర్లు, వాటితోపాటు అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, అగ్నిమాపకానికి 101, కరెంటు వాళ్ళ 1912 ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించు. ఫోన్ ఆగిపోయినా కాగితం ఆగదు.

రెండోది, ఎప్పుడు కదలాలి అన్నది. మనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "ఇంకాస్త చూద్దాం" అనుకుంటూ కూర్చుంటాం, తీరా చూస్తే చీకటి పడి ఉంటుంది, కరెంటు పోయి ఉంటుంది, మెట్లు జారుతుంటాయి. ఆ పూట తర్జనభర్జన పడకుండా ఉండాలంటే గుర్తు ముందే పెట్టుకోవాలి. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చిందంటే ఆ సాయంత్రం వెలుతురు ఉండగానే అత్తమ్మను పై పోర్షన్‌కు చేర్చాలి. నీళ్ళు వచ్చాయా లేదా అని చూడొద్దు. వాళ్ళ లెక్కలో 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటితే అది అత్యంత భారీ వర్షం. అంత వాన కొండ మీద పడితే మన వీధుల్లో ఏమవుతుందో మీ వెనక గోడే చెబుతోంది. ఇక అలర్ట్ ఏమీ లేకుండా వాన ముంచుకొస్తే, గుర్తు మీ ఇంటి ముందు మెట్లు. రెండో మెట్టు మునిగిందంటే అందరూ పైకి. ఆ మెట్టు మీద కాస్త రంగు పూసి పిల్లలకు చూపించు. దాన్ని కనిపెట్టే పని పాపకు అప్పగించు. పని చేతిలో ఉన్న పిల్లకు భయం తగ్గుతుంది.

పై పోర్షన్ వాళ్ళతో ఈ మాట ఇప్పటికే అనుకున్నారా? అనుకుని ఉండరు. ఇవాళే వెళ్ళి అడుగు. "వాన ఎక్కువైతే అత్తమ్మను మీ ముందు గదిలో పడుకోబెట్టవచ్చా?" అంతే మాట. కాదనే వాళ్ళు నాకు ఇంతవరకు ఎదురుకాలేదు. అడగడానికి మనమే మొహమాటపడతాం. ఆమెను పైకి ఎలా చేర్చాలో కూడా ఒకసారి చేసి చూడండి. గట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందు ఒకరు, వెనక ఒకరు పట్టుకుని మెట్లెక్కించవచ్చు, కుర్చీ కాస్త వెనక్కి వాల్చి పట్టాలి. వీధిలో బలమైన కుర్రాళ్ళు ఇద్దరిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. ఇంకో విషయం, చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంటుంది గానీ చెప్పాలి. వరద నీళ్ళు వచ్చినప్పుడు కింది ఇంటి మరుగుదొడ్డి వెనక్కి పొంగుతుంది. పైవాళ్ళ బాత్‌రూము వాడుకునే సంగతి కూడా ఆ మాటల్లోనే తేల్చుకో. ఆడవాళ్ళం ఆ రాత్రి ఎక్కువ బాధపడింది దీనికే.

మీ ఆయన సంగతికి వస్తాను. ఆయన శ్రీసిటీలో ఉండగా ఇక్కడ వాన ముదిరితే ఫోన్‌లో నువ్వు అనే మొదటి మాట ఏమిటి? "ఎట్లయినా వచ్చేయండి" అనే కదా. ఆ మాట అననని ముందే ఆయనకు మాట ఇవ్వు. ఆయన కూడా రానని మాట ఇవ్వాలి. ఆ దారి పొడుగునా వంకలు, కాలువలు. పారే నీళ్ళు అర అడుగుంటే మనిషి కాలు నిలవదు, అడుగుంటే చిన్న కారు తేలిపోతుంది, రెండడుగులుంటే పెద్ద బండ్లూ కొట్టుకుపోతాయి. 2021లోనే, మన వరదకు నెల ముందు, వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జిలో నిలిచిన నీళ్ళలో ఒక బండి ఇరుక్కుపోయింది. కర్ణాటక నుంచి దర్శనానికి వచ్చిన కుటుంబం వాళ్ళది. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి అందులోనే ప్రాణం వదిలింది. అక్కడ నీళ్ళు ఎంత లోతుంటాయో వాళ్ళకు తెలియదు. మనకు తెలుసు, అయినా వాన పడిన ప్రతిసారీ ఎవరో ఒకరు బండి దించుతూనే ఉంటారు. ఆయనను కంపెనీలోనో స్నేహితుల గదిలోనో ఆగిపొమ్మను. ఒక జత బట్టలు, చార్జర్ అక్కడే పెట్టుకోమను. ఆయన దారిలో లేడు, క్షేమంగా ఒక చోట ఉన్నాడు అని తెలిస్తే నీకు సగం టెన్షన్ పోతుంది. నిజానికి ఆ రాత్రి ఇంట్లో పెద్దదానివి నువ్వే. ఆయన వచ్చేదాకా ఆగే ప్లాన్ ఏదీ పెట్టుకోకు.

కరెంటు మెయిన్ స్విచ్ ఎక్కడుందో నీకు తెలిసి ఉంటుంది. పాపకు తెలుసా? ఇన్వర్టర్ ఉంటే దానిది వేరే స్విచ్. మెయిన్ ఆపేసినా ఇన్వర్టర్ నుంచి కొన్ని ప్లగ్గుల్లో కరెంటు వస్తూనే ఉంటుందని చాలామందికి తెలియదు. రెండూ నీళ్ళు లోపలికి రాకముందే ఆపాలి. నీళ్ళలో నిలబడి స్విచ్ బోర్డు ముట్టుకోకూడదు. అప్పటికే నీళ్ళు వచ్చేసి ఉంటే దాన్ని వదిలేసి పైకి వెళ్ళి 1912కు చెప్పు. నీళ్ళు తీసిన తర్వాత కూడా ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వెయ్యొద్దు. గ్యాస్ రెగ్యులేటర్ ఆపేసి, విడి సిలిండర్‌ను గ్రిల్‌కు తాడుతో కట్టెయ్యి. ఖాళీ సిలిండర్ నీళ్ళలో తేలి ఇల్లంతా తిరుగుతుంది. గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్ వెయ్యడం గానీ ఆపడం గానీ చెయ్యకుండా, తలుపులు తీసి బయటికి వచ్చి 1906కు ఫోన్ చెయ్యి.

మీ ఇంటికి సంపు ఉంటే ఈ మాట గుర్తుపెట్టుకో. ఆ వరద తగ్గిన తర్వాత, నవంబరు ఆఖర్లో, మీ దగ్గరే శ్రీకృష్ణానగర్‌లో ఒకావిడ సంపులోకి దిగి శుభ్రం చేస్తుంటే, సిమెంటు రింగుల సంపు మొత్తం భూమిలోంచి పైకి లేచి నిలబడింది. ఊరంతా చూడటానికి పోయారు. ఏవేవో అన్నారు. కారణం మనకు తెలిసిందే. ఖాళీ బిందెను నీళ్ళలోకి అదిమి చూడు, చేతిని పైకి తోస్తుంది. నేలంతా నీళ్ళతో ఊరిపోయి ఉన్నప్పుడు ఖాళీ చేసిన సంపు కూడా అంతే. ఆవిడ ప్రాణాలతో బయటపడింది, అదృష్టం. వరద తీయగానే సంపు తోడి కడగాలని అందరికీ తొందర ఉంటుంది. నేల ఆరి, చుట్టూ నీటిమట్టం దిగేదాకా పూర్తిగా తోడొద్దు, ఎవరినీ లోపలికి దించొద్దు. అందాకా ఆ నీళ్ళు తాగడానికి వద్దు. క్యాన్ నీళ్ళు అందుకే దాచిపెట్టు. అవి అయిపోతే మంచి నీళ్ళు తెచ్చుకుని బాగా మరగబెట్టి తాగండి.

ఇక అత్తమ్మ ఆరోగ్యం. మీ ఇంట్లో అన్నిటికంటే ముఖ్యం ఇదే, కాబట్టి కొంచెం ఓపికగా చదువు. ఇన్సులిన్ ఉందా లేదా అన్నది ఒక్కటే కాదు. కరెంటు పోతే ఫ్రిజ్ ఆగుతుంది. దానికి కంగారు వద్దు, వాడుతున్న ఇన్సులిన్ చాలా రకాల్లో మామూలు గది చల్లదనంలో దాదాపు నాలుగు వారాలు నిలుస్తుంది. మీరు వాడే మందు డబ్బాలోని కాగితంలో ఎన్ని రోజులో రాసి ఉంటుంది, ఈ రోజే చదివి డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టు. తెరవని సీసాలను తడి తగలని డబ్బాలో పెట్టి, కొత్త మట్టి కుండలో ఉంచి, కుండ చుట్టూ తడి గుడ్డ కట్టు. ఐసు ముక్కల మీద నేరుగా పెట్టొద్దు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. సూదులు, షుగర్ చూసే మిషన్, దాని స్ట్రిప్పులు, బ్యాటరీ కూడా ఆ డబ్బాతోపాటే ఉండాలి.

అసలు ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది. వాన హడావిడిలో ఇంజక్షన్ మాత్రం టైముకు వేస్తాం, అన్నం ఆలస్యమవుతుంది. అప్పుడు షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం, ఊరికే విసుక్కోవడం, మగత. ఇవి కనిపిస్తే "వానకు భయపడుతోందిలే" అనుకోవద్దు. మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వు, పావుగంటలో మళ్ళీ చూడు, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వు. తెప్పరిల్లాక ఏదైనా తినిపించు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి చెయ్యి. ఈ గుర్తులు పాపకు కూడా నేర్పు. నువ్వు సామాన్లు పైకి మోస్తుంటే అవ్వ పక్కన ఉండేది ఆ పాపే. వచ్చేసారి చెకప్‌కు వెళ్ళినప్పుడు డాక్టర్‌ను ఒక ప్రశ్న అడుగు: "భోజనం దొరకని పూట ఇన్సులిన్ ఎంత వెయ్యాలి?" జవాబు ఆయన చేతనే రాయించుకో. మందుల చీటీ ఫోటో తీసి మీ అన్నకు కూడా పంపు. వరదలో చీటీ పోయినా ఆ ఫోటో చూపిస్తే రుయా ఆసుపత్రిలోనో ఇంకెక్కడైనానో ఏ మందు, ఎంత మోతాదు అన్నది డాక్టర్లకు వెంటనే తెలుస్తుంది.

శేషాచలం కింద ఉన్నాం కాబట్టి పాముల మాట కూడా. నీళ్ళు వచ్చినప్పుడు అవీ పొడి చోటు వెతుక్కుంటాయి. చెప్పుల్లో, చీపురు వెనక, మడిచిన పరుపుల్లో చూసుకోకుండా చెయ్యి పెట్టొద్దు. కాటు వేస్తే గట్టిగా కట్టు కట్టడం, కొయ్యడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, ఆ కాలునో చేతినో కదలనివ్వకుండా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాలి. విరుగుడు మందు ఉండేది అక్కడ.

కాగితాలు, డబ్బు సంగతి నీకు తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. ఆధార్, రేషన్ కార్డు, సర్టిఫికెట్లు ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, వీలైనవి డిజిలాకర్‌లో కూడా ఉంచు. సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌పే పని చెయ్యదు, ఏటీఎం పని చెయ్యదు. పది, ఇరవై, యాభై, వంద నోట్లుగా రెండు మూడు వేలు పక్కన పెట్టుకో.

ఇంకొకటి, మీ వీధి కథ తెలుసుకో. తిరుపతిలో పేర్లు చూడు: కొర్లగుంట, తాతయ్యగుంట, మల్లయ్యగుంట. గుంట అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. పాతవాళ్ళను పట్టుకుని, "ఈ లేఅవుట్ వెయ్యకముందు ఇక్కడ వంక ఎటు పోయేది? చెరువు నిండి మొరవ పోతే నీళ్ళు ఎటు దిగేవి?" అని అడుగు. ఆ జవాబు ఏ ఫోన్‌లోనూ దొరకదు. నీళ్ళు పాత దారిలోనే వస్తాయి, మధ్యలో ఇల్లు కట్టినా, అపార్ట్‌మెంట్ కట్టినా. ఆ దారి తెలిస్తే ఏ సందులోంచి బయటపడాలో, ఏ సందులోకి అసలు పోకూడదో తెలుస్తుంది. అలా అడుగుతూ తిరిగినప్పుడే వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళెవరో, ట్రాక్టర్ ఎవరికుందో, నర్సుగా పనిచేసే అమ్మాయి ఏ ఇంట్లో ఉందో కూడా తెలుస్తాయి. బాడుగ ఇళ్ళు కదా, మనుషులు మారిపోతుంటారు. ఏటా దసరాకు ఒకసారి కనుక్కుంటే చాలు, మన వాన గండం ఆ తర్వాత డిసెంబరు దాకానే.

2021 నవంబరు 21న మన తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. ఆ పెద్ద చెరువు రాయలవారి కాలం నాటిది. కట్టకు ఇసుక బస్తాలు వేసి కాపాడారు, తెగలేదు. ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చారు. "అనవసరంగా పోయాం" అన్నవాళ్ళూ ఉన్నారు. నేను అలా అనుకోను. కట్ట తెగకపోవడం వాళ్ళ అదృష్టం, ముందే కదలడం వాళ్ళ తెలివి. నువ్వు కూడా రెడ్ అలర్ట్‌కు అత్తమ్మను పైకి చేర్చిన నాలుగుసార్లలో మూడుసార్లు నీళ్ళు రాకపోవచ్చు. నాలుగోసారి మానెయ్యొద్దు.

వచ్చే ఆదివారం సాయంత్రం ఒక పావుగంట ఇంట్లో లైట్లన్నీ ఆపెయ్యి. టార్చి ఎవరు తీస్తారు, మందుల డబ్బా ఎవరు, కాగితాల కవరు ఎవరు, మెయిన్ ఎవరు, అత్తమ్మ చెయ్యి ఎవరు పట్టుకుంటారు. నిజంగా పైకి వెళ్ళి కూర్చోండి. ఏదో ఒకటి కిందే మర్చిపోయి ఉంటారు, అదేమిటో అప్పుడు తెలుస్తుంది. పిల్లలకు భయం చెప్పొద్దు, పని చెప్పు.

అత్తమ్మ "ఇల్లు వదిలి రాను" అనడం మొండితనం అని నాకు అనిపించడం లేదు. మెట్లెక్కలేని మనిషికి తాను అందరికీ బరువవుతానేమో అన్న దిగులు ఉంటుంది. "నేనిక్కడే ఉంటా, మీరు పోండి" అనే మాటలో చాలాసార్లు అదే దాగి ఉంటుంది. ఆమెతో వాదించొద్దు, ప్రమాదాల వీడియోలు చూపించొద్దు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, ఆమె చిన్నప్పుడు వాగు పొంగినప్పుడు, చెరువు నిండినప్పుడు వాళ్ళ ఊర్లో ఏం చేసేవాళ్ళో అడుగు. తప్పకుండా చెబుతుంది. విన్న తర్వాత ఒక గుడ్డ సంచీ ఆమె చేతికిచ్చి, "అత్తమ్మా, పైకి వెళ్ళాల్సి వస్తే మనం ఏమేం తీసుకుపోవాలో మీరే సర్దండి, నాకు తెలియడం లేదు" అను. దేవుడి పటం పెడుతుందో, మామయ్య ఫోటో పెడుతుందో, తన పాత చీర పెడుతుందో, ఏది పెట్టినా వద్దనకు. ఇన్సులిన్ డబ్బా, చక్కెర పొట్లం కూడా ఆ సంచీలోనే పెట్టమను. దాన్ని ఆమె మంచం తలాపున, ఆమె చెయ్యి అందే ఎత్తులో తగిలించు. పైకి వెళ్ళే పూట వచ్చినప్పుడు "రండి" అని పిలవొద్దు, "సంచీ తీసుకోండి అత్తమ్మా" అను.